లిండన్ జాన్సను: పేదబిడ్డకు మరియొక పంతులు

చట్టము అందరికిని ఒకే తలుపు తెరచినంత మాత్రమున అందరును ఒక్కసారిగా లోపల ప్రవేశింపలేరు. అక్షరమెరుగని యింటినుండి ఆకలితో వచ్చిన బాలుడును, పుస్తకముల నడుమ పెరిగిన బాలుడును ఒకే బల్లపై గూర్చుండి ఒకే పాఠమును వినినచో, సంవత్సరాంతమునకు మొదటివాడు వెనుకబడుట తప్పదు. వానికి అందరితో సమానముగా చెప్పుట చాలదు. అందరికంటె కొంత యెక్కువ చెప్పవలెను. ఆ యెక్కువకు వ్యయమెవరు భరింపవలెను? ప్రభుత్వమే భరింపవలెనని అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1965వ సంవత్సరమున శాసనరూపమున సమాధానము చెప్పినవాడు లిండన్ బెయిన్స్ జాన్సను. ఆ పేరు వినగానే మనవారికి వియత్నాం యుద్ధము స్ఫురించును. అట్లు స్ఫురించుట అన్యాయము కాదు. కాని ఆ పేరునకు మరియొక చరిత్ర కలదు. అది ఒక బడిపంతులు చరిత్ర. దానిని నేడు మన పాఠకులకు నివేదింపదలచితిమి.

జాన్సను టెక్సాసు రాష్ట్రమునందలి కొండసీమలో, పెడర్నేల్స్ నదీతీరమున, స్టోన్‌వాల్ గ్రామ సమీపమున 1908 ఆగస్టు 27వ తేదీన జన్మించెను. ఆ సీమలో మన్ను పలుచన, వాన అనిశ్చయము. మన రాయలసీమ మెట్టరైతునకు ఆ నేలనుగూర్చి వేరుగా వర్ణించి చెప్ప నక్కరలేదు. తండ్రి రాష్ట్ర శాసనసభలో సభ్యత్వము వహించినవాడు. ప్రజలలో పలుకుబడి గలవాడు. మొదటి ప్రపంచ యుద్ధానంతరము ప్రత్తిధర పడిపోగా, పొలము పోయి, అప్పులు మిగిలెను. ఊరిలో తలయెత్తుకొని తిరిగిన కుటుంబము అంగడివాని బాకీకి తలవంచుకొను స్థితికి వచ్చుట ఆ బాలుడు కన్నులార చూచెను. దారిద్ర్యము సోమరితనమునకు శిక్షయని చెప్పువారి మాటను ఆయన జీవితాంతము నమ్మకుండుటకు కారణమిదియే కావచ్చును.

తల్లి రెబెకా కళాశాలలో చదువుకొనిన విదుషి. ఆ కాలమున, ఆ సీమలో, అట్టి స్త్రీలు అరుదు. కుమారునకు అక్షరములను ఆమెయే ఇంటివద్ద నేర్పెను. 1912లో, నాలుగేండ్ల ప్రాయమున, బడియీడు రాకముందే, ఇంటికి దగ్గరనున్న జంక్షన్ పాఠశాలకు ఆ బాలుడు వెళ్లనారంభించెను. అది ఒకే గది, ఒకే ఉపాధ్యాయిని గల బడి, మన వీథిబడివంటిదే. తరగతులన్నియు ఆ గదిలోనే. పంతులమ్మ కేట్ డెడ్రిక్ ఒడిలో గూర్చుండబెట్టుకొనిననే గాని ఈ పసివాడు చదువడయ్యెను. ఆమె విసుగుకొనక అట్లే కూర్చుండబెట్టుకొని చదివించెడిది. గది నిండ పిల్లలుండగా ఒక్క బాలునికై ఆమె వెచ్చించిన ఆ కొద్దిపాటి సమయమే, తరువాతి కాలమున ఆయన దేశమంతటికిని శాసనముచేసి పంచజూచిన వస్తువు.

1924లో ఉన్నతపాఠశాల చదువు ముగియునప్పటికి ఆయనకు పదునారేండ్లు నిండలేదు. పైచదువునకు పోనొల్లక కాలిఫోర్నియాకు పోయి చిల్లరపనులు చేసెను. తిరిగివచ్చి రోడ్డుపనిలో కూలిగా చెమటోడ్చెను. చేతిపనితో జీవితము గడచునేగాని మారదని గ్రహించి, 1927లో శాన్ మార్కోస్ నగరమందలి ఉపాధ్యాయ కళాశాలలో చేరెను. అప్పుచేసి, కళాశాలలోనే ఊడ్చుట తుడుచుట మొదలగు పనులు చేసి, తరువాత అధ్యక్షుని కార్యాలయమున పనికి కుదిరి చదువు సాగించెను. అయినను డబ్బు చాలక, 1928లో చదువును నడుమ నిలిపి, ఉద్యోగము వెదకికొనవలసి వచ్చెను. దొరకిన ఉద్యోగము మెక్సికో సరిహద్దు చేరువనున్న కొటుల్లా అను చిన్న పట్టణమున ఉపాధ్యాయ పదవి.

ఈ కొటుల్లా సంవత్సరమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. అచట వెల్‌హాసెన్ పాఠశాల మెక్సికను సంతతివారి పిల్లలకై వేరుగా కట్టబడినది. తెల్లవారి పిల్లలకు వేరు బడి. ఈ పిల్లల తలిదండ్రులు పరుల పొలములలో కూలిచేయువారు. ఇంట మాటలాడు భాష స్పానిషు. బడిలో పాఠము ఇంగ్లీషు. అనేకులు ఉదయము ఏమియు తినకయే బడికి వచ్చెడివారు. తమను ఇతరులు ఏల చిన్నచూపు చూచుచున్నారో ఆ పసివారికి తెలియదు. చూచుచున్నారని మాత్రము తెలియును. జాన్సను ఇరువదేండ్లవాడు. వచ్చిన కొలదినాళ్లకే పై తరగతులకు పాఠము చెప్పుటతోపాటు ప్రధానోపాధ్యాయత్వమును గూడ వహించెను.

అంతకు ముందటి ఉపాధ్యాయులు గంట కొట్టగానే వచ్చి, గంట కొట్టగానే పోవువారు. ఈ యువకుడు అట్లు చేయలేదు. మొదటి జీతముతో పిల్లలకు ఆటసామానులు కొనెను. వక్తృత్వ పోటీలు, అక్షరక్రమ పోటీలు ఏర్పరచి, పొరుగూరి బడులతో పందెములకు తీసికొనిపోయెను. పండ్లు తోముకొనుటకు కావలసిన సరకు పంపుమని తల్లికి జాబు వ్రాసెను. బడిని ఊడ్చు నౌకరునకు ఇంగ్లీషు రాదని తెలిసి, అతనికి పుస్తకము కొనియిచ్చి, బడికి ముందును తరువాతను మెట్లపై గూర్చుండి నేర్పెను. చెప్పవలసినదానికి మించి చెప్పుట, ఇచ్చిన వేళకు మించి ఇచ్చుట, ఇది ఆయన పద్ధతి.

ఆ పద్ధతిలో ఒక కాఠిన్యమును ఉండెను. దానిని దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. బడి యావరణలో స్పానిషు మాట వినబడగూడదని ఆయన శాసించెను. మాటలాడిన మగపిల్లలను కొట్టెను. ఇంగ్లీషు వచ్చిననే గాని ఈ పిల్లలు పైకి రాలేరని ఆయన నమ్మకము. పరభాషలో చదువు మొదలిడి స్వభాషకు శిక్షపడిన బడులను ఎరిగిన మన దేశమువారికి ఈ నమ్మకములోని సత్యమును, అందులోని హింసయు రెండును తెలియును. బిడ్డ నాలుకపైనున్న తల్లిభాషను అణచి అన్యభాషను నిలుపజూచుట పునాది త్రవ్వివేసి మేడ కట్టుట వంటిది. ఆ సంగతి ఆయనకును తరువాత తెలిసివచ్చినదని ముందు చెప్పబోవుచున్నాము.

1930లో పట్టము పుచ్చుకొని, హూస్టను నగరమున ఒక ఉన్నతపాఠశాలలో వక్తృత్వము నేర్పెను. 1931లో ఒక ప్రతినిధి సభ్యునికి కార్యదర్శియై వాషింగ్టను చేరుటతో ఆయన పంతులుగిరి ముగిసినది. 1934లో క్లాడియా టేలరును వివాహమాడెను. లోకము ఆమెను లేడీ బర్డ్ అను ముద్దుపేరుతోనే ఎరుగును. 1935లో అధ్యక్షుడు రూజువెల్టు నెలకొల్పిన జాతీయ యువజన సంస్థకు టెక్సాసు శాఖాధిపతియై, పేద విద్యార్థులు పనిచేసికొనుచు చదువు నిలుపుకొనుటకు తోడ్పడెను. 1937లో ప్రతినిధి సభకు ఎన్నికయై, చీకటిలోనున్న తన కొండసీమకు విద్యుద్దీపములు తెప్పించెను. 1948లో కేవలము 87 వోట్ల ఆధిక్యముతో, నేటికిని వివాదమడగని ఎన్నికలో, సెనేటు అభ్యర్థిత్వము గెలిచెను. 1955 నాటికి సెనేటులో అధికసంఖ్యాక పక్షమునకు నాయకుడయ్యెను. బెదరించియు, బుజ్జగించియు, బేరమాడియు వోట్లు కూర్చుటలో ఆయనకు సాటిలేరని పేరు. 1960లో ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1963 నవంబరు 22వ తేదీన కెన్నెడీ హత్యకు గురికాగా, అధ్యక్ష పదవి ఆయనకు సంక్రమించెను.

ఇక శాసనకథకు వత్తము. అమెరికాలో బడి ఖర్చు అనాదినుండియు ఊరివారి భారమే. అందులో అధికభాగము భూమి, ఇండ్లు మొదలగు స్థిరాస్తులపై పన్నునుండి వచ్చును. దీని ఫలితము మన భూస్వాములకు విప్పి చెప్పనక్కరలేదు. భూమివిలువ గల ఊరిలో పన్ను రాబడి హెచ్చు, బడి మంచిది. భూమివిలువ లేని ఊరిలో పిల్లల అవసరము హెచ్చు, బడి నీచము. ఎచట సహాయము ఎక్కువ కావలెనో అచటనే ధనము తక్కువ. కేంద్రప్రభుత్వము చేయిచాచిననే గాని ఈ లెక్క సరిపడదని చిరకాలమునుండి చెప్పువారు చెప్పుచునేయుండిరి. మూడు గోడలు అడ్డము వచ్చెను. కేంద్రము ధనమిచ్చిన పెత్తనమును చేయునను భయము ఒకటి. నల్లవారికి వేరుబడులు నడుపు దక్షిణ రాష్ట్రముల సమస్య రెండవది. కాథలిక్కుల మతపాఠశాలలకు ప్రభుత్వధనము ఈయవచ్చునా కూడదా యను తగవు మూడవది. 1961లో కెన్నెడీ బిల్లు ఈ మూడవ గోడకే కొట్టుకొని పడిపోయెను.

జాన్సను ఒక్కొక్క గోడను వేర్వేరుగా దాటెను. 1964 జూలై 2వ తేదీన ఆయన సంతకము చేసిన పౌరహక్కుల చట్టము, జాతిభేదము పాటించు సంస్థలకు కేంద్రధనము నిషేధించెను. దానితో బడుల బిల్లులో ఆ తగవు మరల రేగ నవసరము లేకపోయెను. ఆ యేటి నవంబరు ఎన్నికలో నూటికి 61 వంతుల వోట్లు ఆయనకు లభించి, ఉభయ సభలలో బలము పెరిగెను. మతపాఠశాలల తగవునకు విద్యాశాఖవారును ఆయనయు కనిపెట్టిన ఉపాయము సూక్ష్మమైనది: సహాయము బడికి కాదు, బిడ్డకు. ఏ బడిలో చదువుచున్నను పేదబిడ్డ పేదబిడ్డయే. దారిద్ర్య నిర్మూలనమను పేరిట వచ్చుటవలన పెత్తనము భయము గూడ కొంత వెనుకకు తగ్గెను.

1965 జనవరి 12వ తేదీన ఆయన తన విద్యా సందేశమును శాసనసభలకు పంపెను. మార్చి 26వ తేదీన ప్రతినిధి సభ 263 వోట్లకు 153 వోట్లతో ఆమోదించెను. సెనేటు ఒక్క అక్షరమైన మార్పక ఏప్రిలు 9వ తేదీన 73కు 18 వోట్లతో ఆమోదించెను. మార్చినచో బిల్లు మరల మొదటి సభకు పోవును, ఆలస్యములో శత్రువులు బలపడుదురు. ఒక తరము కాలము నడువని బండి మూడు నెలలు నిండకుండ గమ్యము చేరెను. ఏప్రిలు 11వ తేదీన, మట్టలాదివారము నాడు, జాన్సను తన చిన్ననాటి జంక్షన్ పాఠశాల ముందట బల్ల వేయించి, ఒడిలో గూర్చుండబెట్టుకొని చదివించిన ఆ పంతులమ్మను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ప్రాథమిక మాధ్యమిక విద్యాచట్టముపై సంతకము చేసెను.

ఆ చట్టమునకు ప్రాణము మొదటి భాగము. తొలి సంవత్సరమునకు చట్టము అనుమతించిన సుమారు 130 కోట్ల డాలర్లలో 106 కోట్లు దానికే. సంవత్సరమునకు 2000 డాలర్లకు తక్కువ ఆదాయము గల కుటుంబముల పిల్లలెందరో లెక్కించి, రాష్ట్రములో ఒక్కొక్క విద్యార్థికగు సగటు ఖర్చులో సగమును ఆ సంఖ్యచే గుణించి ధనము పంచవలెను. బడికి చేరిన పిదప ఆ ధనము చదువులో వెనుకబడిన పిల్లలకు వినియోగింపవలెను. పుస్తకములకును గ్రంథాలయములకును వేరొక భాగమున 10 కోట్లు కేటాయింపబడెను. ఆ వేసవిలోనే, బడియీడు రాని పేదబిడ్డలకై హెడ్ స్టార్ట్ అను పథకము ఆరంభమై, అయిదు లక్షలకు పైగా పిల్లలను చేర్చుకొనెను.

ఈ ధనము బడిగదిలో ఏ రూపము దాల్చెను? అధికభాగము ప్రాథమిక తరగతులకే పోయెను. అందులోను పఠన శిక్షణకే ప్రథమస్థానము. చదువుట రానివానికి లెక్కగాని, భూగోళముగాని, చరిత్రగాని ఏదియు రాదు గదా. పఠనము నేర్పుటలో తరిఫీదు పొందిన ఉపాధ్యాయిని ఒక్కరు బడికి అదనముగా వచ్చును. వెనుకబడిన పిల్లలను కొద్దిమందిని ఒక జట్టుగా వేరుగదికి తీసికొనిపోయి, అక్షరము అక్షరముగా, మాట మాటగా చదివించి, తడబడినచోట నిలిపి, దిద్ది, మరల చదివించును. తరగతిలో సహాయకురాలొకరు పంతులు ప్రక్కన నిలిచి వెనుక బల్లలవారిని చూచుకొనును. ఇందు అద్భుతమేమియు లేదు. నలుబదిమంది నడుమ నోరు విప్పలేని బాలుడు నలుగురి నడుమ విప్పును. అంతియే.

అయినను ఉత్తమశాసనము ఉత్తమముగనే అమలు జరుగునని లేదు. సభ్యుల వోట్లు కూడగట్టుటకై ధనమును దేశమందలి కౌంటీలలో నూటికి తొంబదికి పైగా వానికి పంచవలసి వచ్చెను. అందరకు అందినది గావున ఎవ్వరికిని చాలినది కాదు. 1969లో నల్లజాతివారి హక్కులకై పాటుపడు న్యాయరక్షణ సంస్థయు, దాని తోటివారును ప్రకటించిన నివేదిక మరింత కఠినమైన సత్యమును వెల్లడించెను. పేదబిడ్డకు అదనముగా అందవలసిన ధనము అనేకచోట్ల బడుల సామాన్య ఖర్చులలో కలిసిపోయెను. కొన్నిచోట్ల నల్లవారి వేరుబడులకు సామగ్రి సమకూర్చి, వారిని అచటనే కట్టివేయుటకు గూడ అది సాధనమయ్యెను. పైనుండి ఇచ్చినది చేరగానే, ఊరివారు తాము పెట్టుచున్నదానిని తగ్గించుకొనిరి. 1970లో చట్టము సవరింపబడి, ఈ ధనము ఊరి ధనమునకు తోడుగా ఉండవలెనే గాని బదులుగా ఉండరాదని నియమము ఏర్పడెను.

ఫలితములను గూర్చియు నిజము చెప్పవలెను. తరువాతి పరిశోధనలలో తేలినదేమనగా, ఈ శిక్షణవలన లాభము కలిగినది గాని అది మితమైనది. చిన్న తరగతులలో ఎక్కువ, పెద్ద తరగతులలో తక్కువ. కొంచెము వెనుకబడినవారు మిగుల బాగుపడిరి. మిక్కిలి వెనుకబడినవారు అంతగా బాగుపడలేదు. వేరుగదికి పోయిన బాలుడు ఆ వేళకు తరగతిలో జరిగిన పాఠమును కోల్పోవుటయు కద్దు. వారమునకు కొన్ని గడియల సహాయము, ఇంటి లేమిని, ఊరి లేమిని, మిగిలిన పూటల పాఠములోని లోపమును ఒక్కటిగా మోయలేదు.

జాన్సను జీవితములో మాకు మిక్కిలి ఆదరపాత్రముగా తోచు ఘట్టము 1968 జనవరి 2వ తేదీది. ఇంగ్లీషు రాని పిల్లలకు వారి యింటిభాష ద్వారమున చదువు చెప్పుటకు కేంద్రధనము నిచ్చు ద్విభాషా విద్యాచట్టముపై ఆయన నాడు సంతకము చేసెను. దానిని ముందుకు తెచ్చినవాడు టెక్సాసు సెనేటరు రాల్ఫ్ యార్బరో. అధ్యక్షుని యంత్రాంగము మొదట అంత ఉత్సాహము చూపలేదు. అయినను సంతకము చేసిన చేయి, నలుబదియేండ్ల క్రిందట స్పానిషు మాటలాడిన బాలురను దండించిన చేయియే. మనుష్యుడు మారుట కష్టము. అధికారమున నున్న మనుష్యుడు మారుట మరింత కష్టము. ఈ యొక్క విషయమున ఆయన మారెను.

మారనిచోట ఆయనయు, ఆయనతో లోకమును కష్టముల పాలైరి. వియత్నాముకు పంపిన సేన 1968 నాటికి అయిదు లక్షలు దాటెను. తుపాకియు వెన్నయు రెండును కలవు, రెండింటికిని సొమ్మున్నదని ఆయన వాదించెను. లేదని లెక్కలు చెప్పెను. 1968లో పన్ను పెంచుటకు శాసనసభలు ఒప్పుకొనినది, వ్యయములో 600 కోట్ల డాలర్లు తగ్గింపవలెనను షరతుపైననే. పేదబిడ్డల చదువునకిచ్చు మొత్తము ఏటేట పెరుగవలసియుండగా నూరుకోట్ల ప్రాంతముననే తారాడెను. ఒక బిడ్డ చేతిలో పుస్తకముంచిన ప్రభుత్వము, ఇంకొక దేశపు బిడ్డ నెత్తిపై బాంబు వేసెను. ఈ వైరుధ్యమునకు ఏ ధర్మశాస్త్రమును సమాధానము చెప్పజాలదు.

భారతీయులమైన మనకు ఆయనతో ఇంకొక లెక్కయు కలదు. 1965, 1966 సంవత్సరములలో అనావృష్టి మన దేశమును పీడించినప్పుడు అమెరికా గోధుమ మనకు వచ్చినమాట నిజము. అది అనేకుల ప్రాణములు నిలిపినమాటయు నిజము. కాని ఆ గోధుమను ఒక్కసారిగా ఈయక, నెలనెలకు కొలిచి, పగ్గము చేతబట్టుకొని జాన్సను విడిచెను. మన వ్యవసాయ విధానమును మార్పింపవలెననియు, వియత్నాముపై మన విమర్శను మెత్తబరుపవలెననియు ఆయన యుద్దేశము. ఆకలితో బడికి వచ్చు బాలుని కన్నులను కొటుల్లాలో చూచినవానికి, ఆకలిగొన్న జాతి ఆత్మగౌరవము పట్టకపోవుట విచారకరము. ఆ పగ్గమువలన మనకు కలిగిన మేలొక్కటే: పరుల ధాన్యముపై ఆధారపడరాదను నిశ్చయము దృఢపడినది.

1968 మార్చి 31వ తేదీన తాను మరల పోటీ చేయనని ప్రకటించి, 1969 జనవరిలో పదవి విడిచి, పెడర్నేల్స్ తీరమునందలి తన పొలమునకు జాన్సను తిరిగివచ్చెను. 1973 జనవరి 22వ తేదీన అచటనే గుండెజబ్బుతో మరణించెను. వయస్సు అరువదినాలుగు. ఆ నదీతీరముననే, తాను మొదట చదువు నేర్చిన బడికి చేరువనున్న కుటుంబ శ్మశానవాటికలో ఆయనను సమాధి చేసిరి.

ఆయన చేసిన చట్టము ఆయనతో చావలేదు. అధ్యక్షులు మారిరి, పక్షములు మారెను, చట్టము పేరు పలుమార్లు మారెను. 2002లో ఒక పేరు, 2015లో మరియొక పేరు. మొదటి భాగము మాత్రము నిలిచినది. ఇటీవలి సంవత్సరములలో దానిక్రింద కేటాయింపు 1800 కోట్ల డాలర్లు దాటినది. అది చాలునా చాలదా, సరిగా పంచబడుచున్నదా లేదా యను తగవు నిలిచియేయున్నది. ధనముండగూడదని మాత్రము బాహాటముగ చెప్పగలవారు తక్కువ.

ఈ జీవితమునుండి మనము గ్రహింపదగినది మా దృష్టిలో రెండు మాటలు. సమానత్వమనగా అందరికిని సమానముగా కొలిచి యిచ్చుట కాదు. లోటెంత గలదో అంత యెక్కువ యిచ్చుట. ఇది మొదటిమాట. యిచ్చినది త్రోవలో ఇంకక బిడ్డవరకు చేరునట్లు కాపలా కాయుట రెండవది. మొదటిదానికి పెద్ద మనస్సున్న పాలకుడొకడు చాలును. రెండవదానికి మాత్రము ఊరూర లెక్క అడుగు పౌరులు కావలెను. బడి కమిటీలోను, పురపాలక సంఘములోను కూర్చుండువారు, పన్ను కట్టువారు, వోటు వేయువారు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: వెనుక బల్లపై గూర్చున్నవానికి ఈ సంవత్సరము చదువుట వచ్చినదా? జాన్సను చట్టము తడబడినచోటులన్నియు ఈ ప్రశ్నను ఎవరును అడుగనిచోటులే.